చెవికి పరీక్ష పెట్టిన పెట్టె

తిరుపతిలో హోమ్ థియేటర్ కొనబోతే దుకాణదారుడు ఒక ఆంప్లిఫయరు తర్వాత ఇంకొకటి మోగించి, "తేడా చూడండి సార్" అంటాడు. ధర ఎన్నో రెట్లు ఎక్కువైతే ధ్వని కూడా మెరుగ్గానే ఉంటుందని మనమూ నమ్మేస్తాం. అమెరికాలోని డెట్రాయిట్ ప్రాంతంలో వూఫర్ అండ్ ట్వీటర్ మార్చింగ్ సొసైటీ అనే సరదా పేరున్న ఔత్సాహికుల సంఘం ఒకటుంది. 1970ల్లో అక్కడా ఇదే వాదన. ఆంప్లిఫయర్ల మధ్య తేడా నిజంగా వినిపిస్తుందా?

తేల్చడం అంత తేలిక కాదు. వైర్లు పీకి రెండోదానికి తగిలించేలోపు మొదటిదాని ధ్వని మనసులో చెదిరిపోతుంది. సన్నటి తేడాలు చెవికి కొన్ని క్షణాలే గుర్తుంటాయి. పోనీ, స్విచ్చి పెట్టి ఎవరినైనా నొక్కమంటే, ఏది మోగుతోందో నొక్కేవాడికి తెలుసు. వాడి ముఖమే జవాబు చెప్పేస్తుంది. అన్నిటికన్నా మాయదారిది వాల్యూమ్. ఒకటి రవ్వంత గట్టిగా మోగినా చెవికి అది గట్టిగా ఉన్నట్టు తోచదు, బాగున్నట్టు తోస్తుంది.

దారి పాతదే. 1950లోనే బెల్ ల్యాబ్స్‌కు చెందిన మన్సన్, గార్డ్‌నర్ మూడోసారి వినిపించింది మొదటి రెండిట్లో ఏదో చెప్పమనే పరీక్ష ఒకటి ప్రతిపాదించారు. 1977లో ఆ డెట్రాయిట్ సంఘానికి చెందిన ఆర్నీ క్రూగర్, ఆయన మిత్రులు దాన్ని పెట్టెగా మలిచారు. 'ఏ' అనే మీట నొక్కితే మొదటి ఆంప్లిఫయరు, బీ నొక్కితే రెండోది. ఎక్స్ నొక్కితే ఆ రెండిట్లో ఏదో ఒకటి. ఏదన్నది బొమ్మాబొరుసు వేసినట్టు పెట్టే తేల్చుకుంటుంది, గదిలో ఎవరికీ తెలియదు. మూడు మీటలూ మార్చి మార్చి ఎంతసేపైనా విని, ఎక్స్ ఏదో చెప్పాలి. రెండిటి ధ్వనిస్థాయినీ డెసిబెల్‌లో పదో వంతు దాకా సరిచేశాకే పరీక్ష మొదలు. 16 సార్లలో కనీసం 12 సార్లు సరిగ్గా చెబితేనే విన్నట్టు లెక్క.

ప్రాణంగా ప్రేమించిన సంగతిని తామే బోనెక్కించిన ఆ మనుషులంటే నాకెంతో గౌరవం. 1982లో వాళ్లలో ఒకడైన డేవిడ్ క్లార్క్ ఈ పద్ధతిని ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో వివరించాడు. 1987 జనవరిలో స్టీరియో రివ్యూ పత్రిక రెండు వందల చిల్లర డాలర్ల రిసీవర్ నుంచి 12,000 డాలర్ల వాల్వు ఆంప్లిఫయర్ల దాకా పరీక్షకు పెట్టింది. శ్రోతల సమాధానాల్లో సరైనవి సుమారు సగం. ఊరికే ఊహించి చెప్పినా అన్నే వస్తాయి.

అలాగని పెట్టె ప్రతిసారీ తేడా లేదని తీర్పివ్వలేదు. ఒకటి హెచ్చు స్వరాలను కాస్త తగ్గించి పలికితే శ్రోతలు పట్టేసేవారు. స్పీకర్ల దగ్గరైతే తేడా దాగనే దాగదు. కానీ అక్కడా కళ్లు అడ్డుపడ్డాయి. 1994లో ధ్వని పరిశోధకులు ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ కలిసి, స్పీకర్లు తయారుచేసే హార్మన్ సంస్థ ఉద్యోగులు 40 మందికి నాలుగు రకాల స్పీకర్లు వినిపించారు. ఒకసారి కనబడకుండా, ఒకసారి ఎదురుగా పెట్టి. కనబడనప్పుడు మంచి మార్కులు తెచ్చుకున్న చవకైన చిన్న ప్లాస్టిక్ సెట్టు, కంటికి కనబడగానే వెనకబడింది.

స్పీకర్ల తర్వాత పెద్ద తేడా తెచ్చేది గది. కింద గ్రానైటు, పైన స్లాబు, చుట్టూ నున్నటి గోడలు ఉన్న మన చిత్తూరు ఇళ్ల హాల్లో చప్పట్లు కొట్టి చూడండి, శబ్దం మోగుతూనే ఉంటుంది. అలాంటి చోట ఆంప్లిఫయరు మార్చడం కన్నా ఒక మందపాటి జంపఖానా, నిండైన కర్టెన్లు తెచ్చే మార్పే సినిమాలో మాటలను స్పష్టంగా వినిపిస్తుంది.