గెలిస్తే దేశం, ఓడితే కులం: టోక్యో ఒలింపిక్స్‌లో మహిళా హాకీ జట్టు

2021 ఆగస్టు 4 సాయంత్రం టోక్యోలో భారత మహిళా హాకీ జట్టు ఒలింపిక్స్ సెమీఫైనల్లో అర్జెంటీనా చేతిలో 2-1 తేడాతో ఓడిపోయింది. ఆ సాయంత్రమే ఉత్తరాఖండ్‌లో, హరిద్వార్ దగ్గరున్న రోష్నాబాద్ అనే ఊళ్లో ఒక ఇంటి ముందు టపాసులు పేలాయి. ఆ ఇల్లు అదే జట్టులో ఫార్వర్డ్‌గా ఆడుతున్న వందనా కటారియాది. కుటుంబం పోలీసులకిచ్చిన ఫిర్యాదు ప్రకారం అగ్రకులాల వాళ్లు కొందరు ఇంటి ముందుకొచ్చి టపాసులు కాల్చి, ఎగిరి గంతులేసి, కులం పేరుతో తిట్టారు. జట్టులో దళితులు ఎక్కువైపోయారు గనకనే ఓడిపోయిందన్నారు. ఆ ఇంట్లో వాళ్లకి ఓటమి బాధ ఒక్కటే కాదు. కొద్ది నెలల ముందే వందన తండ్రి చనిపోయారు. బెంగుళూరు శిక్షణ శిబిరంలో ఉన్న కూతురు ఆయన చివరిచూపుకి కూడా వెళ్లలేకపోయింది.

దీన్ని ఎవరో ఆకతాయిల పనిగా కొట్టిపారేయడం తేలిక. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టారు, అరెస్టులు జరిగాయి, అక్కడితో అయిపోయిందని వార్తాపత్రికలు వేరే వార్తల్లోకి వెళ్లిపోయాయి. కానీ ఒక్క ప్రశ్న మాత్రం మిగిలిపోయింది. తమ దేశం ఓడిపోయినందుకు తమ ఊళ్లోనే టపాసులు కాల్చుకునే మనుషులు ఎలా తయారవుతారు? దేశభక్తి గురించి ఎక్కువగా మాట్లాడేది ఎవరు, ఆ రోజు దేశం ఓటమిని పండగ చేసుకున్నది ఎవరు? ఈ ప్రశ్నకి జవాబు రోష్నాబాద్‌లో ఒక్కచోటే దొరకదు. తొంభై ఏళ్లు దాటిన భారత హాకీ చరిత్రలో వెతకాలి.

టోక్యోలో జరిగిందేమిటి?

ముందు ఆట సంగతి చూద్దాం. ఎందుకంటే "దళితులు ఎక్కువైపోయి ఓడింది" అన్న మాటకి మొదటి జవాబు స్కోరు పట్టికలోనే ఉంది.

2016 రియో ఒలింపిక్స్‌లో మన మహిళా జట్టు 12 జట్లలో 12వ స్థానంలో, అంటే అట్టడుగున నిలిచింది. ఐదేళ్ల తర్వాత టోక్యోలో కూడా మొదలు అలాగే కనిపించింది. నెదర్లాండ్స్ చేతిలో 5-1, జర్మనీ చేతిలో 2-0, బ్రిటన్ చేతిలో 4-1. వరసగా మూడు ఓటములు. ఇక ఇంటికే అనుకున్నారు అందరూ. జూలై 30న ఐర్లండ్ మీద 1-0తో గెలిచారు. మర్నాడు దక్షిణాఫ్రికాతో ఆట. అది గెలవకపోతే అంతా అక్కడితో సరి.

ఆ ఆటలో భారత్ మూడుసార్లు ముందుకెళ్లింది, మూడుసార్లూ దక్షిణాఫ్రికా సమం చేసింది. 4వ నిమిషంలో మొదటి గోల్ వందనది. 17వ నిమిషంలో రెండోదీ ఆమెదే. 32వ నిమిషంలో నేహా గోయల్ ఒకటి కొట్టింది. 3-3 దగ్గర ఆగిపోయిన ఆటని 49వ నిమిషంలో తేల్చింది మళ్లీ వందనే. 4-3. ఒలింపిక్స్ హాకీలో ఒకే ఆటలో మూడు గోల్స్ చేసిన మొదటి భారతీయ మహిళ ఆమె. ఆ సాయంత్రం బ్రిటన్ ఐర్లండ్‌ని ఓడించడంతో మన జట్టు క్వార్టర్ ఫైనల్‌కి చేరింది. ఆగస్టు 2న గుర్జీత్ కౌర్ కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో ఆస్ట్రేలియాని ఓడించి, ఒలింపిక్స్ చరిత్రలో మొదటిసారి సెమీఫైనల్‌కి వెళ్లింది. (1980 మాస్కోలో నాలుగో స్థానం వచ్చింది గానీ అప్పుడు ఆడింది ఆరు జట్లే, సెమీఫైనల్ అన్నదే లేదు.)

అంటే లెక్క సూటిగా ఉంది. జూలై 31న రోష్నాబాద్ అమ్మాయి ఆ మూడు గోల్స్ చేయకపోతే ఆగస్టు 4న ఓడిపోవడానికి సెమీఫైనల్ అనేదే ఉండేది కాదు. ఏ ఓటమికి ఆమె కులాన్ని కారణంగా చూపారో, ఆ ఓటమి దాకా జట్టుని మోసుకొచ్చినవాళ్లలో ఆమె ఒకరు. టపాసులు పేలిన రెండు రోజులకి, ఆగస్టు 6న కాంస్యం కోసం బ్రిటన్‌తో జరిగిన ఆటలోనూ ఆమె దిగింది, గోల్ చేసింది. 4-3తో ఓడి జట్టు నాలుగో స్థానంలో ఆగింది. మొత్తం టోర్నీలో భారత్ చేసిన 12 గోల్స్‌లో నాలుగు వందనవి, నాలుగు గుర్జీత్‌వి.

ఈ జట్టులో ఎవరున్నారో కూడా చూడాలి. కెప్టెన్ రాణీ రాంపాల్ తండ్రి హర్యానాలోని షాహాబాద్‌లో బండి లాగి బతికినవాడు. నిషా వార్సీ తండ్రి దర్జీ. నేహా గోయల్ తల్లి సైకిళ్ల ఫ్యాక్టరీలో కూలి. వైస్ కెప్టెన్ దీప్ గ్రేస్ ఎక్కా ఒడిశాలోని సుందర్‌గఢ్ ఆదివాసీ. సలీమా టేటే, నిక్కీ ప్రధాన్ జార్ఖండ్ ఆదివాసీ పల్లెల పిల్లలు. దళితులు, ఆదివాసులు, ముస్లింలు, శ్రామిక కుటుంబాల ఆడపిల్లలు కలిసి అట్టడుగున ఉన్న జట్టుని నాలుగో స్థానానికి తెచ్చారు. "ఎక్కువైపోయారు" అన్నవాళ్లకి కంటగింపైంది ఇదే.

జైపాల్ సింగ్ నుంచి మొదలుపెట్టాలి

మన పాఠ్యపుస్తకాల్లో హాకీ అనగానే ధ్యాన్‌చంద్ పేరు వస్తుంది. రావాల్సిందే. 1928 ఆమ్‌స్టర్‌డామ్‌లో భారత్ మొదటిసారి ఒలింపిక్స్ హాకీ ఆడి, ఐదు ఆటల్లో 29 గోల్స్ చేసి, ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా స్వర్ణం తెచ్చింది. అందులో 14 ధ్యాన్‌చంద్‌వి. కానీ ఆ జట్టు కెప్టెన్ ఎవరని అడిగితే ఎంతమంది చెప్పగలరు? ఆయన జైపాల్ సింగ్ ముండా. ఇప్పటి ఖూంటీ జిల్లాలోని టక్రా గ్రామంలో పుట్టిన ముండా ఆదివాసీ. మిషనరీ బడిలో చదివి, వాళ్ల సాయంతోనే ఆక్స్‌ఫర్డ్ వెళ్లాడు. ఐసీఎస్‌కి ఎంపికై శిక్షణలో ఉండగా ఒలింపిక్స్ పిలుపొచ్చింది. సెలవు ఇవ్వకపోయినా వెళ్లాడు, చివరికి ఐసీఎస్ వదులుకున్నాడు. ఫైనల్ ఆటలో ఆయన దిగలేదు, ఆ రోజు జట్టుని నడిపింది పిన్నిగర్. అయినా దేశానికి మొదటి హాకీ స్వర్ణం తెచ్చిన జట్టుకి కెప్టెన్‌గా చరిత్రలో నమోదైంది జైపాల్ సింగే.

ఈ జైపాల్ సింగే 1939లో ఆదివాసీ మహాసభకి అధ్యక్షుడయ్యాడు. రాజ్యాంగ సభలో సభ్యుడయ్యాడు. 1946 డిసెంబరు 19న ఆ సభలో లేచి, తనని జంగ్లీ అంటారని, ఆ పేరుకి తాను గర్వపడుతున్నానని చెప్పాడు. తన జనం చరిత్ర అంతా బయటివాళ్ల దోపిడీ చరిత్రేనని ముఖం మీదే అన్నాడు. ఆయన హాకీ కర్రనీ ఆయన రాజకీయాలనీ వేరుచేసి చూడటం కుదరదు. దేశం తరఫున ఆడటానికి పనికొచ్చిన మనిషి, దేశంలో తన జనానికి వాటా అడిగేసరికి చరిత్ర పుస్తకాల అంచుకి వెళ్లిపోయాడు.

మట్టి నేల నుంచి ఆస్ట్రోటర్ఫ్ దాకా

జైపాల్ సింగ్ ఒక్కడూ మినహాయింపు అనుకుంటే పొరపాటు. ఛోటానాగ్‌పూర్, సుందర్‌గఢ్ పల్లెల్లో హాకీ ఊరి ఆట. వెదురు కర్రలు, కొమ్మలు నరికి ఆడతారు. గెలిచిన ఊరికి మేకపోతు బహుమతిగా ఇచ్చే పోటీలకి అక్కడ ఖస్సీ టోర్నమెంట్లని పేరు. ఆ నేల నుంచే మైఖేల్ కిండో వచ్చి 1972 మ్యూనిక్‌లో కాంస్యం, 1975లో ప్రపంచ కప్ గెలిచిన జట్లలో ఆడాడు. సిల్వానస్ డుంగ్‌డుంగ్ 1980 మాస్కో స్వర్ణం జట్టులో ఉన్నాడు. దిలీప్ తిర్కీ మూడు ఒలింపిక్స్ ఆడి, 2004 ఏథెన్స్‌లో కెప్టెన్‌గా చేశాడు. టోక్యోలో 41 ఏళ్ల తర్వాత కాంస్యం తెచ్చిన పురుషుల జట్టులో బీరేంద్ర లాక్రా, అమిత్ రోహిదాస్ సుందర్‌గఢ్ వాళ్లే. టోక్యోలో ఆడిన నిక్కీ ప్రధాన్ పుట్టిన హేసల్, జైపాల్ సింగ్ పుట్టిన టక్రా ఒకే జిల్లాలో ఉన్నాయి.

ఇంత నేల ఉండి కూడా హాకీ ఎందుకు పడిపోయింది? 1976 మాంట్రియల్‌లో ఒలింపిక్స్ హాకీ మొదటిసారి కృత్రిమ మైదానం మీద జరిగింది. మన పురుషుల జట్టు ఏడో స్థానానికి పడిపోయింది. అప్పట్నుంచీ ఆట మట్టిని వదిలి డబ్బున్న చోటికి పోయింది. ఆస్ట్రోటర్ఫ్ వేయడానికీ, దాన్ని తడిగా ఉంచడానికీ ఖర్చు చాలా. పల్లె పిల్లలు మట్టి మీద నేర్చుకుని, పై స్థాయికి వెళ్లాక కొత్త నేల మీద మళ్లీ ఓనమాలు దిద్దాల్సి వచ్చింది. 2008 బీజింగ్‌కి పురుషుల జట్టు అర్హతే సంపాదించలేదు. పేద కులాల పిల్లలకి ప్రతిభ తక్కువై ఇది జరగలేదు. వాళ్ల కాళ్ల కింద నేల మార్చేసి, కొత్త నేలని వాళ్ల ఊళ్లకి తీసుకెళ్లకపోవడం వల్ల జరిగింది. మైదానం ఎవరి ఊళ్లో ఉంది, హాస్టలు ఎవరికి దొరికింది, షూ ఎవరు కొనిచ్చారు అన్నవి కూడా ఆట చరిత్రే.

మెరిట్ ఏ వైపుంది?

"ఎక్కువైపోయారు" అన్న మాట మనకి కొత్తది కాదు. 1990లో మండల్ సిఫార్సుల అమలుకి వ్యతిరేకంగా అగ్రకుల విద్యార్థులు రోడ్లు ఊడ్చి, చెప్పులు పాలిష్ చేసి నిరసన చెప్పినప్పుడు విన్న మాటే. రిజర్వేషన్లొస్తే మెరిట్ చచ్చిపోతుందన్నారు. మరి జాతీయ హాకీ జట్టుకి రిజర్వేషన్ లేదు గదా? అక్కడ గోల్ కొడితేనే లెక్క, కొట్టకపోతే బెంచీ మీదే. మెరిట్ వాదులు కోరుకున్న పోటీ అదే. ఆ పోటీలో నెగ్గి వచ్చినా "ఎక్కువైపోయారు" అన్నారంటే వాళ్ల గొడవ ఎప్పుడూ మెరిట్ గురించి కాదని తేలిపోయింది. దళితుడు తలెత్తడం గురించే. 1991లో చుండూరు గొడవ సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు తగిలిందన్న సాకుతో మొదలైంది. రోష్నాబాద్‌లో సాకు ఒక ఓటమి. రెంటి తీవ్రత ఒకటి కాదు. చుండూరులో ప్రాణాలు పోయాయి. కానీ రెండుచోట్లా ఆధిపత్య కులానికి రుచించని విషయం ఒక్కటే.

ఇదంతా ఉత్తరాది జబ్బు అనుకుని మన తెలుగువాళ్లం చేతులు దులుపుకోలేం. 2016 రియోలో పి.వి.సింధు బ్యాడ్మింటన్ ఫైనల్‌కి చేరి రజతం గెలిచిన రోజుల్లో, ఆమె కులం ఏమిటని గూగుల్‌లో వెతికినవాళ్లలో మన రెండు రాష్ట్రాలవాళ్లే ముందున్నారని పత్రికలు రాశాయి. అక్కడ ఓడితే "వాళ్ల కులం" అన్నారు, ఇక్కడ గెలిస్తే "మా కులమేనా" అని వెతికారు. ఒకటి తోసేయడానికి, రెండోది కలుపుకోవడానికి. రెండు పనులకీ కొలబద్ద కులమే. గెలుపులో కులం మాయమై దేశం ఒక్కటే మిగులుతుందని మనకి చెప్పే కథ సగం నిజం. ఆధిపత్య కులాల గెలుపు కులానికీ చెందుతుంది, దేశానికీ చెందుతుంది. దళితుల గెలుపు దేశానికి మాత్రమే చెందుతుంది, వాళ్ల ఓటమి కులానికి మాత్రమే చెందుతుంది.

మనం రాసుకోవాల్సింది

వందన ఈ గొడవ మీద ఎక్కువ మాట్లాడలేదు. మేమంతా దేశం కోసమే ఆడుతున్నాం, కులం మాటలు మానండి అన్న అర్థంలో రెండు మాటలు అంది. కెప్టెన్ రాణి కూడా ఆ పనిని ఖండించింది. 2022లో ప్రభుత్వం వందనకి పద్మశ్రీ ఇచ్చింది. 2025 ఏప్రిల్లో ఆమె అంతర్జాతీయ హాకీ నుంచి తప్పుకునేనాటికి 320 ఆటలు ఆడి, 158 గోల్స్ చేసింది. భారత మహిళా హాకీలో అప్పటిదాకా అన్ని ఆటలు ఆడినవాళ్లు ఇంకొకరు లేరు.

పతకాల పట్టికలో టోక్యో మహిళా హాకీ కనిపించదు. నాలుగో స్థానానికి పతకం లేదు కాబట్టి. అధికారిక చరిత్ర పతకాల చుట్టూ తిరుగుతుంది కాబట్టి, ఈ జట్టు పేర్లు కూడా జైపాల్ సింగ్ పేరులాగే కొన్నాళ్లకి అంచుకి జరిగిపోవచ్చు. ఆ పని జరగకుండా చూడాల్సింది మనం. పీఈటీగా పనిచేస్తున్న దళిత, ఆదివాసీ ఉపాధ్యాయులు మన దగ్గర తక్కువేం లేరు. సంక్షేమ హాస్టళ్ల నుంచి జిల్లా జట్లకి, రాష్ట్ర జట్లకి ఆడి, మైదానం లేక, ఖర్చు భరించలేక ఆగిపోయిన పిల్లలు ప్రతి మండలంలో ఉన్నారు. వాళ్లని అడగాలి. ఎక్కడ ఆడారు, ఎవరు ఆపారు, ఎంపిక రోజున ఏం మాటలు విన్నారు, మంచినీళ్లు ఎక్కడ తాగారు అని అడిగి రాసుకోవాలి. ఒలింపిక్స్ దాకా వెళ్లినవాళ్ల చరిత్ర ఒక ఎత్తు. జిల్లా కేంద్రం దాటకుండా ఆపేసినవాళ్ల చరిత్ర ఇంకో ఎత్తు. ఈ రెండోది ఇంకా ఎవరూ మొదలుపెట్టలేదు.