పట్టేసిన ఇంజను కథ

ఇంగ్లండ్ పల్లెల్లో ఏ పాత కొట్టంలోనైనా బూడిదరంగు చిన్న ట్రాక్టర్ కనిపిస్తే అది చాలావరకు ఫెర్గూసన్ టీఈ20 అయి ఉంటుంది. 1946 నుంచి 1956 దాకా కోవెంట్రీలోని బ్యానర్ లేన్ ఫ్యాక్టరీలో ఇవి 5 లక్షలకు పైగా తయారయ్యాయి. రెండో ప్రపంచయుద్ధంలో అదే ఫ్యాక్టరీ విమానాల ఇంజన్లు చేసేది.

ఇరవై, ముప్పై ఏళ్లు కదలకుండా పడున్న ఫెర్గూసన్లను ఇక్కడి వాళ్లు ఇప్పటికీ నడిపిస్తున్నారు. అదెలా సాధ్యం?

మొదట్లో దీనికి అమెరికా కాంటినెంటల్ ఇంజను బిగించారు. స్టాండర్డ్ మోటార్ కంపెనీ సొంత ఇంజను సిద్ధమయ్యాక అది వచ్చింది. అందులో లైనర్లు విడిగా ఉంటాయి, వాటి చుట్టూ నీళ్లు తిరుగుతాయి. లైనరు తుప్పు పట్టి పాడైతే లాగేసి కొత్తది వేసుకోవచ్చు, బ్లాకుకు బోరింగ్ అక్కర్లేదు. ట్రయంఫ్ టీఆర్2 స్పోర్ట్స్ కారులో ఉన్నదీ ఈ కుటుంబపు ఇంజనే.

ఇంజను పట్టేసిందంటే సాధారణంగా పిస్టన్ రింగులు లైనరుకు తుప్పుతో అతుక్కున్నట్టు. తాడు కట్టి లాగితే రింగులు విరుగుతాయి. నాలుగు ప్లగ్గులూ విప్పి, లోపల డీజిలో పల్చటి నూనో పోసి, కొన్ని రోజులు వదిలేయాలి. తర్వాత గేరు వేసి వెనక చక్రాన్ని ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపాలి. వెంట్రుకవాసి కదిలితే చాలు, మిగతాది ఓపిక పని. ఆపైన పాత ఆయిలు తీసేయడం, పాయింట్లు, కార్బురేటర్ శుభ్రం చేయడం.

దీనికి స్టార్టర్ బటన్ లేదు. గేర్ రాడ్‌నే 'ఎస్' వైపు తోస్తే స్టార్టర్ తిరుగుతుంది. కాబట్టి గేరులో ఉండగా స్టార్ట్ చేయడం కుదరదు. హ్యాండిల్‌తో తిప్పితే మాత్రం బొటనవేలు మిగతా వేళ్ల వైపే ఉండాలి. ఇంజను ఎదురు తన్నితే మణికట్టు విరుగుతుంది.

బ్రిటన్‌లో 1950 దాకా పెట్రోలుకు రేషన్ ఉండేది. అందుకే కిరసనాయిలు లాంటి టీవీఓతో నడిచే రకం కూడా చేశారు. పెట్రోలుతో స్టార్ట్ చేసి, వేడెక్కాక టీవీఓకు మార్చాలి. ఆపేముందు మళ్ళీ పెట్రోలుకు రావాలి, లేకపోతే చల్లారాక ఓ పట్టాన అంటుకోదు.

1958 జనవరి 4న ఎడ్మండ్ హిల్లరీ బృందం దక్షిణ ధ్రువానికి చేరింది ఈ ట్రాక్టర్ల మీదే, చక్రాలకు ట్రాక్ పట్టీలు తొడిగి.

మనకూ బంధుత్వముంది. టీఈ20 తర్వాత అదే బ్యానర్ లేన్‌లో వచ్చింది ఫెర్గూసన్ 35. 1960లో మద్రాసులో పుట్టిన టాఫే, మాస్సీ ఫెర్గూసన్‌తో కలిసి ఆ వంశాన్ని ఇక్కడికి తెచ్చింది. మన ఊళ్లలో గొర్రు తోలిన 1035 దాని మనవడే. వెనక మూడు చేతులతో పనిముట్టును ఎత్తే హైడ్రాలిక్ పద్ధతి హ్యారీ ఫెర్గూసన్ పెట్టిన ఆస్తి.

బ్యానర్ లేన్ ఫ్యాక్టరీ ఈ శతాబ్దం మొదట్లోనే మూతపడింది. అక్కడ పుట్టిన ట్రాక్టర్లు ఇంకా తిరుగుతున్నాయి, ఎందుకంటే ఒక స్పానరు, కాస్త నూనె, ఓపిక ఉన్న రైతు వాటిని విప్పగలడు. కంపెనీ సాఫ్ట్‌వేర్ లేకుండా తప్పేమిటో కూడా తెలియని నేటి ట్రాక్టర్లను 2090లో ఎవరు లేపుతారో, సాఫ్ట్‌వేర్ రాసే నాకే తెలీదు.