సవరణల చరిత్ర: వికీపీడియాలో మార్పుల నమోదు, పరిశీలన

పరిచయం

చరిత్ర విద్యార్థి ఏ పత్రాన్ని పరిశీలించినా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. దీన్ని ఎవరు రాశారు? ఎప్పుడు రాశారు? ఆ తరవాత ఎవరైనా మార్చారా? అచ్చు పుస్తకంలో మార్పు జరగాలంటే కొత్త ముద్రణ రావాలి. ఎవరైనా దిద్దగలిగే విజ్ఞాన సర్వస్వంలో మార్పు ఏ నిమిషంలోనైనా జరగవచ్చు. అటువంటి చోట మార్పులను నమోదు చేసే పద్ధతులు ఎలా రూపొందాయో ఈ భాగంలో తెలుసుకుందాం.

ముందు అనుమతి, తరవాత ప్రచురణ

2000 మార్చిలో జిమ్మీ వేల్స్ న్యూపీడియాను ప్రారంభించాడు. లారీ సాంగర్ దానికి ప్రధాన సంపాదకుడు. ప్రతి వ్యాసమూ ఏడు దశల పరిశీలన దాటాకే వెలువడాలి. ఉద్దేశం మంచిదే, కాని పని ముందుకు సాగలేదు. 2003లో మూతపడే నాటికి పూర్తయిన వ్యాసాలు దాదాపు పాతిక మాత్రమే.

మరో మార్గం అప్పటికే ఉంది. 1995 మార్చి 25న వార్డ్ కన్నింగ్‌హామ్ తొలి వికీని అందుబాటులోకి తెచ్చాడు. హవాయి భాషలో వికీ అంటే ‘త్వరగా’ అని అర్థం. అందులో ఎవరైనా పేజీని మార్చవచ్చు. జరిగిన మార్పులన్నీ ఒక జాబితాలో కనిపిస్తాయి. 2001 జనవరి 15న మొదలైన వికీపీడియా ఈ పద్ధతినే స్వీకరించింది. దీంతో క్రమం తలకిందులై, ప్రచురణ ముందుకు, పరిశీలన వెనక్కు జరిగాయి.

నమోదు వ్యవస్థ

వికీపీడియా మొదట వాడిన యూజ్‌మాడ్‌వికీ సాఫ్ట్‌వేర్ పాత కూర్పులన్నిటినీ శాశ్వతంగా భద్రపరచేది కాదు. అందువల్ల తొలి నెలల సవరణల్లో చాలావరకు పోయాయనే భావించారు. 2010 డిసెంబరులో టిమ్ స్టార్లింగ్ పాత బ్యాకప్ ఫైళ్లలో వాటిని కనుగొన్నాడు. అచ్చయిన గ్రంథానికే కాదు, కంప్యూటర్‌లోని రచనకూ ఆధారాలు జారిపోగలవని ఇది తెలుపుతుంది.

2002 జనవరిలో మాగ్నస్ మాన్‌స్కే రాసిన కొత్త సాఫ్ట్‌వేర్ అమలులోకి వచ్చింది. ఒక వాడుకరి చేసిన మార్పుల జాబితా, నచ్చిన పేజీలపై కన్నేసి ఉంచే వీక్షణ జాబితా దానితోనే వచ్చాయి. అదే ఏడాది లీ డేనియల్ క్రాకర్ దాన్ని తిరగరాశాడు. అదే తరవాత మీడియావికీ అయింది.

2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో మొదలైన తెలుగు వికీపీడియాకూ ఈ వ్యవస్థే ఆధారం. ప్రతి వ్యాసానికీ ‘చర్చ’, ‘చరిత్ర’ పేజీలుంటాయి. అందరికీ సంబంధించిన విషయాలు మాట్లాడుకునే చోటికి ‘రచ్చబండ’ అని పేరు పెట్టుకున్నారు. పదిమందిలో కూర్చుని తేల్చుకోవాలన్న భావన ఆ పేరులోనే ఉంది.

2005 నాటి సంక్షోభం

నమోదు ఉన్నంత మాత్రాన తప్పు దొరకదు. 2005 మేలో ఒక అజ్ఞాత వ్యక్తి అమెరికన్ పాత్రికేయుడు జాన్ సైగెంతాలర్‌కు కెన్నెడీ సోదరుల హత్యలతో సంబంధం ఉందని అనుమానించారంటూ అబద్ధం రాశాడు. అది దాదాపు నాలుగు నెలలు అలాగే ఉండిపోయింది. ఆ మార్పు చరిత్ర పేజీలో ఉంది, చూసినవారు లేరు. ఆ డిసెంబరులో ఇంగ్లీషు వికీపీడియా నమోదు కాని వాడుకరులు కొత్త వ్యాసాలు సృష్టించకుండా ఆంక్ష పెట్టింది. 2008లో జర్మన్ వికీపీడియా, కొత్తవారి మార్పులను అనుభవజ్ఞులు చూశాకే సాధారణ పాఠకులకు కనిపించే పద్ధతిని ప్రవేశపెట్టింది.

సూచనలను వరుసలో పెట్టడం

సంరక్షణలో ఉన్న పేజీని అందరూ దిద్దలేరు. దిద్దలేనివారు చర్చ పేజీలో ఒక మూసతో అభ్యర్థన పెడతారు. ఏ వాక్యం తీసేయాలో, దాని బదులు ఏది రాయాలో, ఆధారమేమిటో చెప్పాలి. ఆ మూస వల్ల పేజీ దానంతటదే ఒక వర్గంలో చేరుతుంది. ఆ వర్గమే పెండింగు జాబితా. అధికారం ఉన్న వాడుకరి మార్పు చేసి గాని, కారణం చెప్పి నిరాకరించి గాని, మూసలో సమాధానమిచ్చినట్లు గుర్తిస్తే పేజీ జాబితా నుంచి తొలగిపోతుంది. అయితే అభ్యర్థన, దానికి వచ్చిన జవాబు చర్చ పేజీ చరిత్రలో మిగులుతాయి.

సారాంశం

న్యూపీడియా తప్పును ముందే ఆపాలనుకుంది. వికీపీడియా తప్పును వెనక్కు తిప్పడం సులభం చేసింది. 2005 తరవాత ఈ రెండు పద్ధతులూ కొంతమేర కలిశాయి. ఏ పద్ధతిలోనైనా జాబితాను చూసే మనుషులు లేకపోతే సూచనలు పేరుకుపోతాయి, తప్పులు నిలిచిపోతాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. న్యూపీడియా, వికీపీడియాల పరిశీలనా క్రమాల్లో తేడా ఏమిటి?
2. తెలుగు వికీపీడియాలో మీకు తెలిసిన ఊరి వ్యాసం తెరిచి, దాని ‘చరిత్ర’ పేజీ ఆధారంగా మూడు మార్పులను వివరించండి.