పాత ఎలక్ట్రిక్ కారా, కొంచెం కొత్తదా? కొనేముందు చూడవలసినవి

అమెరికాలో ఇంటికి రెండో కారు కావలసివచ్చినప్పుడు మనవాళ్లు చాలామంది వాడిన ఎలక్ట్రిక్ కార్లవైపు చూస్తున్నారు. మా ఆవిడకు ఉద్యోగం వచ్చినప్పుడు మాకూ ఆ అవసరం పడింది. రానూపోనూ 44 మైళ్లు, ఆఫీసులో చార్జర్ లేదు, పైగా న్యూజెర్సీ చలి. చవకలో 2013 నిస్సాన్ లీఫ్ ఒకటి, దానికి బాగా ఎక్కువ ధరలో 2019 షెవర్లే బోల్ట్ ఒకటి చూశాం. అప్పుడు తెలుసుకున్న విషయాలు తోటి తెలుగువారికి పనికొస్తాయని రాస్తున్నాను.

రేంజి: ఈపీఏ లెక్క ప్రకారం కొత్తలో ఆ లీఫ్ ఒక్క చార్జితో 75 మైళ్లు, బోల్ట్ 238 మైళ్లు వెళతాయి. కానీ మనకు కావలసింది ఈరోజు ఎంత వెళుతుందనేది.

బ్యాటరీ: లీఫ్ డాష్‌బోర్డులో బ్యాటరీ ఆరోగ్యానికి 12 గీతలుంటాయి. మేము చూసిన కారులో 9 మిగిలాయి. అంటే 75 మైళ్లు కాస్తా 50 దగ్గరికి వచ్చినట్టే. చలికాలంలో హీటర్ వేస్తే ఆమె ఇల్లు చేరడమే అనుమానం. లీఫ్ బ్యాటరీని చల్లబరిచే ద్రవ వ్యవస్థ లేదు, బోల్ట్‌కు ఉంది. అందుకని అరిజోనా వంటి వేడి ప్రాంతాల్లో తిరిగిన లీఫ్ అయితే మరింత జాగ్రత్త.

వారంటీ, రీకాల్: 2013 లీఫ్ బ్యాటరీ వారంటీ ఎప్పుడో అయిపోయింది. బోల్ట్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా లక్ష మైళ్లు. బ్యాటరీ మంటల ప్రమాదం వల్ల 2021లో బోల్ట్‌లన్నిటినీ రీకాల్ చేశారు. విన్ నంబరుతో ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైటులో ఉచితంగా చూసుకోవచ్చు. బ్యాటరీ మార్చినట్టు డీలరు కాగితం అడిగి తీసుకోండి.

చార్జింగ్: లీఫ్ ఫాస్ట్ చార్జింగుకు చాడెమో ప్లగ్గు కావాలి, అవి తగ్గిపోతున్నాయి. బోల్ట్‌ది సీసీఎస్. అయితే 2019లో అది అదనపు డబ్బు కట్టినవారికే వచ్చేది, ఉందో లేదో చూడండి. ఇంట్లో మామూలు 120 వోల్టుల ప్లగ్గుతో గంటకు సుమారు 4 మైళ్లు ఎక్కుతుంది. రాత్రి 12 గంటలు పెడితే మా రోజుకు సరిపోతుంది.

రాయితీ: వాడిన కార్లకు ఇచ్చిన 4,000 డాలర్ల ఫెడరల్ పన్ను రాయితీ 2025 సెప్టెంబర్ 30తో ముగిసింది. దాన్ని ధరలో లెక్క వేసుకోకండి.

మేము బోల్టే తీసుకున్నాం. రోజుకు 15 మైళ్లు తిరిగేవారికి, ఇంట్లో ప్లగ్గు ఉన్నవారికి ఆ పాత లీఫే లాభం. కారు వయసు, ధర తరువాత చూడవచ్చు. చలికాలంలో అది వెళ్లగలిగే దూరం మీ రోజువారీ ప్రయాణానికి కనీసం ఒకటిన్నర రెట్లు ఉందా అన్నది ముందు చూడండి.