సెల్ఫ్ టాన్ లోషన్: ఎండలో నిలబడకుండానే చర్మానికి రంగు.. ఇంట్లో ఎలా రాసుకోవాలి? బొల్లి మచ్చలకు పనికొస్తుందా?

మన దగ్గర 'టాన్' అనే మాట వినగానే గుర్తొచ్చేది దాన్ని వదిలించుకోవడమే. పార్లర్‌కి వెళ్తే డీ-టాన్ ప్యాక్, డీ-టాన్ ఫేషియల్ అంటూ రేట్ల బోర్డు పలకరిస్తుంది. లండన్‌లోనో సిడ్నీలోనో సీన్ రివర్స్. అక్కడ మందుల షాపుల్లో, సూపర్‌మార్కెట్లలో చర్మాన్ని గోధుమ రంగులోకి తెచ్చే లోషన్లు వరుసగా పేర్చి ఉంటాయి. వీటిలో రోజూ మాయిశ్చరైజర్‌లా రాసుకుంటూ కొన్ని రోజుల్లో మెల్లగా రంగు తెచ్చుకునే రకాన్ని 'గ్రాడ్యువల్ టాన్' అంటారు.

తెల్లవాళ్ల ముచ్చట మనకెందుకు అనుకోవద్దు. బొల్లి మచ్చలు కనిపించకుండా చేసుకోవడానికీ ఇదే పదార్థం వాడతారు. అందుకే ఇది చర్మం మీద ఏం చేస్తుందో, ఎలా రాయాలో, ఎక్కడ జాగ్రత్త పడాలో తెలుసుకుందాం.

రంగు ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ లోషన్లలో అసలు సరుకు డైహైడ్రాక్సీఅసిటోన్. షార్ట్‌గా డీహెచ్‌ఏ. ఇదొక చిన్న చక్కెర. దీనికి సొంత రంగేమీ ఉండదు. చర్మం పైన ఉండే మృతకణాల పొరలోని అమైనో ఆమ్లాలతో కలిసినప్పుడు గోధుమ రంగు తయారవుతుంది. పెనం మీద దోసె ఎర్రగా కాలడం వెనక ఉన్న కెమిస్ట్రీ కూడా ఈ కుటుంబానిదే. ఫ్రాన్స్‌కు చెందిన లూయీ కామిల్ మైయార్ 1912లో వివరించిన రియాక్షన్ ఇది. కాకపోతే ఇక్కడ పొయ్యి అక్కర్లేదు.. ఒంటి వేడి చాలు. రాసిన కొన్ని గంటలకు బిస్కెట్ లాంటి ఓ వాసన వస్తుంది కదా.. అదీ ఇందుకే.

అంటే ఇది పైన పూసే పెయింట్ కాదు, ఎండకు పుట్టే మెలనిన్ కూడా కాదు. చచ్చిపోయిన కణాలకు అంటిన రంగు. రాసిన 2 నుంచి 4 గంటల్లో కనిపించడం మొదలై, 24 గంటల్లోపు పూర్తిగా తేలుతుంది. సబ్బుకు పోదు. ఆ కణాలు రాలిపోయే కొద్దీ తనంతట తనే 5 నుంచి 7 రోజుల్లో వెలిసిపోతుంది. రాసే పద్ధతి మొత్తం ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

దీన్ని కనిపెట్టింది బ్యూటీ కంపెనీ కాదు. 1950లలో అమెరికాలోని సిన్సినాటి యూనివర్సిటీలో ఎవా విట్‌గెన్‌స్టెయిన్ అనే పరిశోధకురాలు, గ్లైకోజెన్ నిల్వకు సంబంధించిన జబ్బు ఉన్న పిల్లలకు డీహెచ్‌ఏను నోటి ద్వారా ఇచ్చారు. అది ఒలికి ఒంటి మీద పడ్డ చోటల్లా గోధుమ మచ్చలు వచ్చాయి, బట్టలకు మాత్రం రాలేదు. ఆ గమనింపు నుంచే 1960లో కాపర్‌టోన్ కంపెనీ 'క్యూటీ' పేరుతో లోషన్ తెచ్చింది. తొలి తరం లోషన్లతో చాలామంది నారింజ పండు రంగులోకి మారిపోయారన్నది వేరే కథ.

ఇప్పటి గ్రాడ్యువల్ లోషన్లలో డీహెచ్‌ఏ తక్కువ.. సాధారణంగా 1 నుంచి 3 శాతం. ఒక్క రాత్రిలో రంగు తెచ్చే రకాల్లో ఇంతకంటే చాలా ఎక్కువ ఉంటుంది. యూరోపియన్ యూనియన్ 2022 నుంచి 10 శాతం దాటకూడదని పరిమితి పెట్టింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు గ్రాడ్యువల్ రకమే మేలు. ఎక్కడైనా తేడా కొట్టినా ఆ చార చాలా లేతగా ఉంటుంది.

రాసే ముందు సగం పని

షేవింగ్, వ్యాక్సింగ్ లాంటివి ఉంటే ముందు రోజే కానివ్వాలి. అదే రోజు చేస్తే రోమ రంధ్రాల్లో రంగు చేరి చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. మృతకణాలు ఒక చోట మందంగా, ఒక చోట పల్చగా ఉంటే రంగూ అలాగే పడుతుంది. అందుకే స్నానంలో ఒళ్లు మెత్తగా రుద్దుకోవాలి. దీనికి ఖరీదైన స్క్రబ్ ఏమీ అక్కర్లేదు, సున్నిపిండి చాలు. అయితే ముందు నూనె పట్టించి నలుగు పెట్టుకునే అలవాటు ఉంటే మాత్రం జిడ్డు మిగలకుండా కడుక్కోవాలి. నూనె ఉన్న చోట రంగు సరిగ్గా పట్టదు.

ఒళ్లు పూర్తిగా ఆరాక మోచేతులు, మోకాళ్లు, చీలమండలు, వేళ్ల కణుపుల మీద మామూలు మాయిశ్చరైజర్ పల్చగా రాయాలి. అక్కడ చర్మం మందంగా, పొడిగా ఉంటుంది కాబట్టి రంగును ఎక్కువగా లాగేస్తుంది. సెల్ఫ్ టాన్ వేసుకున్నవాళ్లను దూరం నుంచే పట్టించేవి ఈ నాలుగు చోట్లే.

తర్వాత లోషన్‌ను కొద్దికొద్దిగా తీసుకుని, గుండ్రంగా తిప్పుతూ ఒక్కో భాగం పూర్తి చేయాలి. పాదాలకు, ముంజేతులకు విడిగా తీసుకోవద్దు. కాళ్లకు, చేతులకు రాయగా మిగిలిందే కిందికి లాగితే సరిపోతుంది. ముఖానికి ఇంకా తక్కువ. కనుబొమలు, జుట్టు మొదలయ్యే చోట తడి దూదితో ఒకసారి తుడవాలి. కళ్లకు, పెదవులకు, ముక్కు లోపలికి తగలనివ్వకూడదు. డీహెచ్‌ఏకు అమెరికా ఎఫ్‌డీఏ ఇచ్చిన అనుమతి ఒంటి పైపూతకు మాత్రమే. పీల్చడానికి, మింగడానికి కాదు.

పని అవ్వగానే అరచేతులు, వేళ్ల సందులు, గోళ్ల చుట్టూ సబ్బుతో కడగాలి. చాలామంది చివర్లో చేసే పొరపాటు ఇక్కడే. ఒళ్లంతా బాగా వచ్చి, అరచేతులు మాత్రం పసుపు కొట్టినట్టు ఉంటాయి. గ్లవ్స్ వేసుకుంటే ఈ గొడవే లేదు.

10, 15 నిమిషాలు ఆరాక వదులు బట్టలు వేసుకోవచ్చు. తర్వాత నాలుగైదు గంటలు నీళ్లు, చెమట తగలకూడదు. విజయవాడ, విశాఖ ఉక్కపోతలో పగటిపూట ఇది జరిగే పని కాదు. రాత్రి, ఫ్యాన్ కిందో ఏసీలోనో రాసుకోవడమే మార్గం.

నిలబెట్టుకోవడం ఎలా?

కావాల్సిన ఛాయ వచ్చేదాకా రోజుకు ఒకసారి, వచ్చాక రెండు మూడు రోజులకు ఒకసారి సరిపోతుంది. మధ్య రోజుల్లో మామూలు మాయిశ్చరైజర్ రాస్తుండాలి, పొడిబారిన చర్మం మీద రంగు పెచ్చులుగా ఊడినట్టు కనిపిస్తుంది. క్లోరిన్ ఉన్న స్విమ్మింగ్ పూల్, రెటినాల్ క్రీములు, గ్లైకోలిక్ యాసిడ్ ఉన్న ఫేస్‌వాష్‌లు రంగును త్వరగా దించేస్తాయి. పొర మీద పొర వేసుకుంటూ వారాలు గడిపితే మురికి పట్టినట్టు అవుతుంది. వారానికోసారి మెత్తగా రుద్దుకుని మళ్లీ మొదలుపెట్టాలి.

చారలు పడితే బ్లీచ్ జోలికి వెళ్లొద్దు. నూనె పట్టించి కాసేపు ఉంచి, గోరువెచ్చని నీళ్లతో రుద్దితే తగ్గుతాయి. నిమ్మకాయ రుద్దే చిట్కా వీడియోలు ఉన్నాయి కానీ, ఆ రసం ఉన్న చర్మానికి ఎండ తగిలితే కాలినట్టు బొబ్బలు, నల్ల మచ్చలు వస్తాయి. సీసాను ఎండలో ఆపిన కారులో వదిలేయొద్దు. వేడికి డీహెచ్‌ఏ పాడవుతుంది.

ముఖ్యమైన విషయం ఇంకొకటి. ఈ రంగు ఎండ నుంచి కాపాడదు. సన్‌స్క్రీన్ కలపని టానింగ్ ఉత్పత్తుల మీద ఆ సంగతి స్పష్టంగా రాయాలని ఎఫ్‌డీఏ నిబంధన. కాబట్టి పగలు సన్‌స్క్రీన్ తప్పదు. రాసిన మొదటి రోజు నేరుగా ఎండలోకి వెళ్లకపోతే ఇంకా మంచిది. అయినా టానింగ్ బెడ్లతో పోలిస్తే లోషన్ చాలా నయం. ఆ బెడ్లను ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2009లోనే క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో చేర్చింది. ఆన్‌లైన్‌లో దొరికే మెలనోటాన్ ఇంజెక్షన్లు, ముక్కు స్ప్రేలు, టానింగ్ మాత్రల వైపు అసలు చూడొద్దు. మాత్రల్లో వాడే కాంథాజాంథిన్ రెటీనాలో స్ఫటికాలుగా పేరుకుంటుంది.

బొల్లి మచ్చల సంగతి ఏంటి?

బొల్లి మచ్చలో రంగునిచ్చే కణాలు పోతాయి కానీ, పైన మృతకణాల పొర అలాగే ఉంటుంది. డీహెచ్‌ఏకు కావాల్సింది ఆ పొరే. అందుకే మచ్చ మీద కూడా రంగు తేలుతుంది. మేకప్‌లా చొక్కా కాలర్‌కు అంటదు, చెమటకు కారదు. ఉద్యోగానికి, కాలేజీకి రోజూ వెళ్లేవాళ్లకు ఇది చిన్న సౌకర్యం కాదు. బొల్లి అంటువ్యాధి కాదు, కుష్టు అంతకన్నా కాదు. అయినా పెళ్లిచూపుల దగ్గర్నుంచి ఇంటర్వ్యూ దాకా ఆ చూపులు ఎలా ఉంటాయో ఉన్నవాళ్లకే తెలుసు.

రాసే పద్ధతి మాత్రం వేరు. దూది పుల్లతో మచ్చ అంచు దాటకుండా లోపలే రాయాలి. బయటి చర్మానికి అంటితే అదీ నల్లబడి, మచ్చ చుట్టూ గీత గీసినట్టు కనిపిస్తుంది. మన చర్మపు ఛాయకు గ్రాడ్యువల్ లోషన్ ఒక్క పూతతో సరిపోదు. పూతకు పూతకు మధ్య కొన్ని గంటలు ఆగి, వచ్చిన రంగు చూసుకుని పెంచుకుంటూ పోవాలి. వేళ్ల చివర్లు, పెదవుల దగ్గర సరిగ్గా కుదరదు. పెదవుల మీద ఎలాగూ వాడకూడదు.

ఇది చికిత్స కాదు, మచ్చ పెరగడాన్ని ఆపదు. చికిత్సకు చర్మవ్యాధి నిపుణుల దగ్గర క్రీములు, నారోబ్యాండ్ యూవీబీ ఫోటోథెరపీ లాంటి దారులున్నాయి. ఫోటోథెరపీ తీసుకుంటున్నవాళ్లు లోషన్ వాడే సంగతి డాక్టర్‌కి ముందే చెప్పాలి. ఊళ్లలో ఇప్పటికీ బావంచాల గింజలు నూరి రాసి ఎండలో కూర్చోబెడుతుంటారు. వాటిలోని సోరాలెన్‌కు ఎండ తోడైతే బొబ్బలెక్కుతుంది. నల్లజీడి రసం ఇంకా ప్రమాదం, అది నేరుగా చర్మాన్ని కాల్చేస్తుంది.

ఎవరు వాడినా ముందుగా మోచేతి లోపలి వైపు కొంచెం రాసి 24 గంటలు చూడాలి. దురద, ఎరుపు వస్తే అక్కడితో ఆపేయాలి. పెళ్లికో ఫంక్షన్‌కో ప్లాన్ చేసేవాళ్లు రెండు వారాల ముందే ఒకసారి ట్రయల్ వేసుకుంటే.. రంగు కుదరకపోయినా అది పూర్తిగా వెలిసిపోయి మళ్లీ మొదలుపెట్టేందుకు టైమ్ ఉంటుంది.