నలిగిన కండరం, చెడిన మూత్రపిండం: ఒక వ్యాధి చరిత్ర

1940 సెప్టెంబరు 7వ తేదీన లండన్ నగరంపై జర్మన్ విమానాల బాంబుదాడులు మొదలయ్యాయి. అవి మరుసటి సంవత్సరం మే నెల దాకా సాగాయి. ఇళ్లు కూలి, గోడలూ దూలాలూ మీదపడి, గంటల తరబడి శిథిలాల కింద చిక్కుకున్నవారిని సహాయక బృందాలు వెలికితీసి ఆసుపత్రులకు చేర్చేవి. వారిలో కొందరి విషయంలో వైద్యులకు అంతుపట్టని పరిణామం ఒకటి కనిపించింది.

వారి తలకు గాయం లేదు. ఉదరంలోని అవయవాలు చిట్లలేదు. ఏదో ఒక కాలో, చెయ్యో బరువు కింద నలిగి వాచి ఉండేది. అక్కడ స్పర్శ కొంత తగ్గి ఉండేది. ఆసుపత్రికి వచ్చేటప్పటికి రోగి స్థితి బాగానే ఉన్నట్లు తోచేది. కొన్ని గంటలలో ఆ వాపు పెరిగి, రక్తంలోని ద్రవం అందులోకి చేరి, రక్తపీడనం పడిపోయేది. ప్లాస్మా ఎక్కిస్తే అది మళ్లీ పుంజుకొనేది. గండం గడిచిందనుకొనే వేళకు మూత్రం తగ్గిపోవడం మొదలయ్యేది. వచ్చిన కొద్దిపాటి మూత్రం ముదురు గోధుమవర్ణంలో ఉండేది. రక్తంలో యూరియా, పొటాషియం దినదినానికీ పెరిగేవి. వారం తిరిగేసరికి రోగి మరణించేవాడు.

కాలు నలిగితే మూత్రపిండం ఎందుకు చెడాలి? ఈ ప్రశ్నకు సమాధానం వెదకిన చరిత్రను ఈ వ్యాసంలో తెలియజేస్తాను. ఆ సమాధానం అంతకుముందే కొంత దొరికి, మరుగున పడిపోయినది. దొరికిన విషయాన్ని వైద్యలోకం నిలుపుకోలేకపోతే ఎంత నష్టం జరుగుతుందో కూడ ఈ చరిత్ర చెబుతుంది.

హామర్‌స్మిత్ ఆసుపత్రి పరిశీలన

లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రిలో ఎరిక్ బైవాటర్స్ అనే యువవైద్యుడు, డెస్మండ్ బీల్ అనే జీవరసాయన శాస్త్రజ్ఞుడు ఈ రోగులను శ్రద్ధగా పరిశీలించారు. నలుగురు రోగుల వివరాలతో వారి వ్యాసం 1941 మార్చిలో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. ఆ నలుగురూ మరణించినవారే. మరణానంతర పరీక్షలో వారి మూత్రపిండాల సూక్ష్మనాళికల కణాలు క్షీణించి ఉన్నాయి. నాళికల దిగువ భాగాలలో గోధుమరంగు ముద్దలు గట్టిపడి దారిని మూసివేశాయి. నలుగు గాయపు వ్యాధి, అనగా క్రష్ సిండ్రోమ్, వైద్యగ్రంథాలలో స్థిరపడినది ఈ వ్యాసంతోనే.

అయితే దీనిని చూసినవారిలో వీరు మొదటివారు కారు. 1908 డిసెంబరు 28న ఇటలీలోని మెస్సీనా నగరాన్ని భూకంపం నేలమట్టం చేసినప్పుడు అక్కడికి వెళ్లిన జర్మన్ వైద్యుడు వాన్ కోల్మర్స్ ఇటువంటి రోగులను గురించి మరుసటి సంవత్సరమే వ్రాశాడు. మొదటి ప్రపంచయుద్ధంలో కూలిన మట్టి కింద పూడిపోయి, తరువాత మరణించిన ముగ్గురు సైనికుల మూత్రపిండాలను బెర్లిన్‌లో పనిచేస్తున్న జపాన్ వైద్యుడు సెయిగో మినామి పరీక్షించాడు. చితికిన కండరాల నుండి వెలువడిన పదార్థాలే మూత్రపిండాలను చెరిచాయని 1923లో జర్మన్ భాషలో ప్రచురించాడు. ఆ తరువాతి రెండు దశాబ్దాలలో ఆంగ్ల వైద్యలోకంలో ఈ విషయం దాదాపు మరుగున పడిపోయింది. లండన్ వైద్యులు దానిని రోగుల పడకల పక్కన తిరిగి కనిపెట్టవలసివచ్చింది.

కండరపు ఎరుపు

మూత్రానికి ఆ ముదురురంగు ఎక్కడిది? బైవాటర్స్, ఆయన సహచరులు 1941లోనే ఆ వర్ణపదార్థాన్ని గుర్తించారు. అది రక్తంలోని హీమోగ్లోబిన్ కాదు, కండరాలలో ప్రాణవాయువును నిలువచేసే మయోగ్లోబిన్. మాంసానికి ఎరుపురంగు నిచ్చేది ఈ మాంసకృత్తే. దాని నడుమ ఇనుపధాతువు ఉంటుంది.

ఈ రెంటికీ పరిమాణంలో గల వ్యత్యాసం మూత్రపిండానికి ముఖ్యమైనది. హీమోగ్లోబిన్ అణుభారం సుమారు 64,000. పైగా రక్తంలో హాప్టోగ్లోబిన్ అనే మరొక మాంసకృత్తు దానిని పట్టి ఉంచుతుంది. మయోగ్లోబిన్ అణుభారం సుమారు 17,000 మాత్రమే. మూత్రపిండపు వడపోత పొరలను అది సులభంగా దాటిపోతుంది.

1944లో బైవాటర్స్, స్టెడ్ కుందేళ్లకు మయోగ్లోబిన్ ద్రావణాన్ని ఎక్కించి పరిశీలించారు. మూత్రంలో ఆమ్లత్వం ఉన్న కుందేళ్లలో మూత్రపిండాలు చెడ్డాయి. అంటే మయోగ్లోబిన్ ఉన్నంతమాత్రాన హాని తప్పనిసరి కాదు. మూత్రం ఎంత చిక్కనిది, ఎంత ఆమ్లమైనది అన్నదానిపై అది ఆధారపడి ఉంటుంది. ద్రవాలు ధారాళంగా ఇచ్చి, మూత్రాన్ని పలుచన చేసి, క్షారగుణం కలిగించాలనే చికిత్సకు ఇదే పునాది.

శక్తి అడుగంటిన కణం

అసలు కండరకణం ఎందుకు పగులుతుంది? దీనికి సమాధానం చెప్పాలంటే మన తెలుగు శాస్త్రజ్ఞుని స్మరించాలి. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు బోస్టన్‌లోని హార్వర్డ్ వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కేతో కలసి కండరాలపై పరిశోధన చేశారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను వారు ప్రకటించారు. 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను, అనగా ఏటీపీని వెలికితీశారు. జర్మనీలో కార్ల్ లోమాన్ కూడ అదే సంవత్సరంలో దానిని విడిగా కనుగొన్నాడు. ప్రాణికణాలన్నిటికీ రోజువారీ ఖర్చుకు చెల్లే నాణెం ఈ ఏటీపీయే.

కణపు పొరలోని పంపులు ఏటీపీని వినియోగించి సోడియంను బయటికి నెట్టి, పొటాషియంను లోపల నిలుపుతాయి. బరువు కింద నలిగి రక్తప్రసరణ ఆగిన కండరంలో ఏటీపీ అడుగంటుతుంది. పంపులు ఆగుతాయి. సోడియం, నీరు, కాల్షియం కణంలోకి చొరబడతాయి. అధికమైన కాల్షియం కణంలోని మాంసకృత్తులను విచ్ఛేదించే ఎంజైములను మేల్కొల్పుతుంది. పొర పగులుతుంది. బరువు తొలగించి రక్తప్రసరణను పునరుద్ధరించిన క్షణంలో లోపలి సరుకంతా రక్తంలో కలుస్తుంది. పొటాషియం ఒక్కసారిగా పెరిగి గుండె ఆగవచ్చు. దానిని తప్పించుకొన్నవారికి మయోగ్లోబిన్ వలన రెండవ గండం ఎదురవుతుంది.

నాళికలో మూడు దెబ్బలు

మూత్రపిండాలకు గుండె పంపే రక్తంలో సుమారు ఐదవ వంతు చేరుతుంది. రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవం వడపోతకు గురవుతుంది. అందులో అత్యధిక భాగాన్ని నాళికల కణాలు తిరిగి రక్తంలోకి చేరుస్తాయి. ఈ పనికై వాటిలో మైటోకాండ్రియాలు కిక్కిరిసి ఉంటాయి. ఇంత శ్రమ చేసే కణాలు రక్తలోపానికి త్వరగా లోబడతాయి.

మొదటి దెబ్బ రక్తలోపమే. ద్రవం వాపులోకి పోవడం వలన రక్తపు పరిమాణం తగ్గుతుంది. రక్తనాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్‌ను మయోగ్లోబిన్ హరిస్తుంది. మూత్రపిండపు ధమనులు ముడుచుకుపోతాయి.

రెండవది అడ్డంకి. నాళికల దిగువ భాగంలో స్రవించే యూరోమాడ్యులిన్ అనే మాంసకృత్తుతో మయోగ్లోబిన్ కలసి, ఆమ్లమూత్రంలో గట్టి ముద్దలుగా మారుతుంది. లండన్ రోగులలో కనిపించిన గోధుమరంగు ముద్దలు ఇవే.

మూడవది ఇనుము వలన కలిగే హాని. నాళిక తొలిభాగపు కణాలు మయోగ్లోబిన్‌ను లోపలికి గ్రహిస్తాయి. అక్కడ విడుదలైన ఇనుము హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో చర్య జరిపి చురుకైన ఫ్రీ రాడికల్స్‌ను పుట్టిస్తుంది. అవి కణపు పొరలలోని కొవ్వులను ఆక్సీకరిస్తాయి. మయోగ్లోబిన్‌లోని ఇనుము కూడ స్వయంగా ఇటువంటి చర్య జరుపుతుందనీ, క్షారగుణం దానిని మందగింపజేస్తుందనీ 1998లో మూర్, ఆయన సహచరులు చూపారు. అర్ధశతాబ్దం క్రిందటి కుందేళ్ల ప్రయోగానికి అణుస్థాయిలో వివరణ ఆనాటికి దొరికింది. 2012లో డిక్సన్, స్టాక్‌వెల్ ఇనుముపై ఆధారపడి, పొరల కొవ్వు చెడటం వలన సంభవించే కణమరణానికి ఫెరాప్టోసిస్ అని పేరు పెట్టారు. నాళికల కణాలు మరణించే మార్గాలలో అదీ ఒకటని తరువాతి పరిశోధనలు తెలిపాయి.

కణం చేతులు కట్టుకొని కూర్చోదు. హీమ్‌ను విచ్ఛేదించే హీమ్ ఆక్సిజనేజ్ అనే ఎంజైమును అది విరివిగా తయారు చేసుకొంటుందనీ, అది రక్షణ చర్యయేననీ 1992లో కార్ల్ నాథ్, ఆయన సహచరులు ఎలుకలలో నిరూపించారు. మూత్రపిండపు నాళికలను ఒక్కొక్కటిగా విడదీసి పరిశీలించిన జీన్ ఆలివర్ 1951లోనే మరొక ఆశాజనకమైన విషయాన్ని చెప్పాడు: కణాలు రాలిపోయినా వాటి కింది ఆధారపొర చెదరకుండా ఉంటే నాళిక తిరిగి కణాలతో నిండగలదు. మిగిలిన కణాలు విభజన చెంది ఖాళీలను పూరిస్తాయి. ఈ బాగుపడటం అసంపూర్ణమైనప్పుడు మాత్రం నారకణజాలం పెరిగి, దీర్ఘకాలిక మూత్రపిండవ్యాధికి దారితీయవచ్చు.

గడువు నిచ్చిన యంత్రం

కణాలు కోలుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ వ్యవధిలో రోగిని బ్రతికించే సాధనం 1941లో లేదు. యుద్ధకాలంలోనే నెదర్లాండ్స్‌లోని కాంపెన్ పట్టణంలో విలెం కోల్ఫ్ సాసేజ్‌లకు తొడుగుగా వాడే సెలొఫేన్ గొట్టాలతో కృత్రిమ మూత్రపిండాన్ని నిర్మించాడు. తొలి పదహారుగురికి దాని వలన ప్రాణం దక్కలేదు. 1945 సెప్టెంబరులో 67 ఏళ్ల మహిళ ఒకరు కోలుకొన్నారు. కోల్ఫ్ యంత్రం ఒకటి 1946లో హామర్‌స్మిత్ ఆసుపత్రికి చేరింది. నలుగురు రోగుల మరణాన్ని నమోదు చేసిన బైవాటర్సే, యోకెస్‌తో కలసి దానిని ఉపయోగించి 1948లో ఫలితాలను ప్రకటించాడు.

తెలిసినది సమయానికి అందాలి

జ్ఞానం ఉన్నా సరంజామా అందకపోతే ఏమవుతుందో 1988 డిసెంబరు 7న ఆర్మేనియా భూకంపం చూపింది. సుమారు 25,000 మంది మరణించారు. శిథిలాల నుండి బయటపడినవారిలో సుమారు 600 మందికి మూత్రపిండాలు చెడ్డాయి. డయాలిసిస్ యంత్రాలు, శిక్షణ గల సిబ్బంది చాలలేదు. విదేశాల నుండి వచ్చిన సహాయం సక్రమంగా పంపిణీ కాలేదు. ఆ అనుభవంతో అంతర్జాతీయ నెఫ్రాలజీ సంఘం విపత్తుల కోసం ప్రత్యేక దళాన్ని ఏర్పరచింది. 1999 ఆగస్టు 17న టర్కీలోని మర్మరా ప్రాంతంలో భూకంపం వచ్చినప్పుడు ఆ దళం సిద్ధంగా ఉంది. మూత్రపిండాలు దెబ్బతిన్న 639 మందిలో 477 మందికి డయాలిసిస్ జరిగింది. మొత్తం మీద సుమారు 15 శాతం మంది మరణించారు; మిగిలినవారు దక్కారు.

డయాలిసిస్ అవసరమే లేకుండా చేయవచ్చునని అంతకుముందే మరొక అనుభవం తెలిపింది. 1982లో లెబనాన్‌లోని టైర్ నగరంలో భవనం కూలినప్పుడు, 1 గంట మొదలు 28 గంటల దాకా చిక్కుకొన్న ఏడుగురికి శిథిలాల వద్దనే సిరల ద్వారా ద్రవాలు మొదలుపెట్టారు. వారిలో ఒక్కరికీ మూత్రపిండాలు చెడలేదు. ద్రవాలకు సోడాక్షారాన్ని చేర్చడం వలన అదనపు ప్రయోజనం ఎంత అన్నది నేటికీ చర్చనీయాంశమే. తొందరగా ద్రవాలు ఇవ్వడం విషయంలో మాత్రం భేదాభిప్రాయం లేదు.

మనం గుర్తుంచుకోవలసినవి

కండరాలు ఈ విధంగా విచ్ఛిన్నం కావడానికి భూకంపమే రానక్కరలేదు. మత్తులోనో, పక్షవాతం వచ్చో గంటల తరబడి ఒకే పక్కకు కదలకుండా పడి ఉండటం, తీవ్రమైన ఎండలో కఠినశ్రమ, అలవాటు లేని శరీరంతో ఒక్కసారిగా అతివ్యాయామం, విద్యుద్ఘాతం, ఆగకుండా వచ్చే మూర్ఛలు కూడ కారణం కావచ్చు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందుల వలన అరుదుగా కలగవచ్చు. అట్లని వైద్యుని అడగకుండా వాటిని మానరాదు.

ఇటువంటి సంఘటన తరువాత కండరాల నొప్పి, బలహీనత ఉండి, మూత్రం డికాక్షన్ రంగులో వచ్చినా, మూత్రం తగ్గినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఆ నొప్పికి ఇంట్లో ఉన్న ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వంటి మాత్రలు వేసుకోరాదు. అవి మూత్రపిండాలకు రక్తప్రవాహాన్ని ఇంకా తగ్గిస్తాయి. పొటాషియం అధికంగా ఉండే కొబ్బరినీళ్లు సాధారణంగా మంచివే అయినా, ఈ స్థితిలో ఇవ్వరాదు. బరువు కింద ఎవరైనా చిక్కుకొంటే వెంటనే 108కు ఫోన్ చేసి, ఎంతసేపటి నుండి చిక్కుకొన్నారో చెప్పాలి. వైద్యసిబ్బంది దగ్గరలో ఉంటే బరువు తొలగించకముందే సిరలోకి ద్రవాలు మొదలుపెడతారు. వారు అందుబాటులో లేనప్పుడు బరువు తీయడం ఆపరాదు.

మినామి 1923లో వ్రాసినది లండన్ వైద్యులకు అందలేదు. ఈనాడు ఆ సమాచారానికి కొరత లేదు. శిథిలాల వద్దకు ముందుగా చేరే పొరుగువారికీ, అగ్నిమాపక సిబ్బందికీ, గ్రామంలోని ఆరోగ్య కార్యకర్తలకూ అది తెలిసి ఉంటే, నలిగిన కాలితో వచ్చిన మనిషి మూత్రపిండాలు ఆరోగ్యంగా ఉండగానే ఇల్లు చేరగలడు.