వన్స్‌మోర్ అన్నవాడి చరిత్ర

మన నాటక చరిత్రల్లో కవులున్నారు, నటులున్నారు. వన్స్‌మోర్ అన్న ప్రేక్షకుడికి చోటు తక్కువ. ఉన్నచోట అతను రంగస్థలానికి పట్టిన చీడ. రాగాలాపన నటనను మింగేస్తుందన్న బళ్ళారి రాఘవ (1880-1946) ఆక్షేపణ సబబైనదే. కాని అది సగం చరిత్ర.

'సత్య హరిశ్చంద్ర' కాటిసీను తీసుకోండి. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం (1881-1953) గారిది. ఆ సీనులో జనం ఎదురుచూసే పద్యాల్లో జాషువా (1895-1971) 'శ్మశానవాటి'లోవి ఉన్నాయి. నాటకకర్త వాటిని రాయలేదు. నటులు తెచ్చి పాడారు, ప్రేక్షకులు మళ్ళీ మళ్ళీ పాడించుకుని నిలబెట్టారు. అంటరానితనం అనుభవించిన కవి గొంతు, రాజు కాటికాపరి అయిన చోటికి అలా చేరింది.

ఇవాళ రైతులూ, ఉపాధ్యాయులూ వేషం కట్టిన పల్లె నాటకాలు యూట్యూబులో దొరుకుతున్నాయి. మైకు గీపెట్టినా రాత్రిళ్ళు కూర్చుని చూస్తాను. ఏ పద్యానికి ఈల పడిందో, ఎక్కడ మళ్ళీ పాడించారో, ఎవరు నటుడి చొక్కాకు నోటు గుచ్చారో ముద్రిత ప్రతి చెప్పదు, ఇవి చెబుతాయి.

అయితే అభిమానం దానంతటదే అభ్యుదయం కాదు. మా తరగతిలో అడిగితే ఆ పద్యాలు హరిశ్చంద్రుడివన్నారు పిల్లలు. పద్యం నిలిచింది, కవి పేరు జారిపోయింది. చావు ముందు అందరూ సమానమన్న పద్యానికి నోటు గుచ్చిన చెయ్యి, తెల్లవారి దళితుడి శవానికి ఊరి శ్మశానంలో చోటిస్తుందా? ప్రేక్షకుడి చరిత్ర రాయబూనినవాడు ఈలల్ని లెక్కపెట్టి ఊరుకోకూడదు, ఈ ప్రశ్న కూడా అడగాలి.